వృషణ క్యాన్సర్ పాకాక: మూడు బీఈపీనా, నాలుగు ఈపీనా, వీఐపీనా?

మా పెదనాన్నగారి అబ్బాయికి 27 ఏళ్లు. కుడి వృషణం తీసేశాక చేసిన స్కాన్‌లో పొట్ట వెనక లింఫ్ గ్రంథులు ఉబ్బి కనిపించాయి, ఊపిరితిత్తుల్లో నాలుగైదు చుక్కలు కూడా. ఆంకాలజిస్టు గారు ఓ కాగితం మీద రెండు ముక్కలు రాసి మా వైపు తిప్పారు. ఒకటి '3 బీఈపీ', రెండోది '4 ఈపీ'. రెండూ కీమో మందుల జట్ల పేర్లు, ముందున్న అంకె ఎన్ని సైకిళ్లు (విడతలు) ఇవ్వాలో చెబుతుంది. "రెండూ ఒకటే బాబూ, ఆలోచించుకుని చెప్పండి" అన్నారు. పెదనాన్న ఒక్క ప్రశ్నే అడిగారు: "వీటిలో ఎక్కువ పవర్ ఉన్నది ఏదండీ?"

ఆ ప్రశ్నతో ఎక్కడికీ వెళ్లలేమని నాకు అర్థం కావడానికి వారం పట్టింది. ఈ జబ్బులో చాలామందికి రెండు దారులూ దాదాపు ఒకే చోటికి తీసుకెళ్తాయి. తేడా అంతా దారిలో ఏం పోగొట్టుకుంటాం అన్నదాంట్లోనే ఉంది: ఊపిరితిత్తులా, చెవులా, వేళ్ల చివర స్పర్శా? కాబట్టి మందుల పేర్లు చూసే ముందు మన కేసు ఎక్కడ నిలబడిందో, మనకు ఏది పోతే బతుకు కష్టమో తేల్చుకోవాలి.

ముందుగా ఒక భయం

స్కాన్ చూసిన ప్రతి చుట్టమూ "ఫోర్త్ స్టేజ్ అంట కదా" అంటాడు. వృషణ క్యాన్సర్‌కి నాలుగో స్టేజ్ అనేదే లేదు. లెక్క మూడుతో ఆగిపోతుంది. ఊపిరితిత్తులకు పాకినా మూడే. ఇది మాటల గారడీ కాదు, పాకిన తర్వాత కూడా నయమయ్యే క్యాన్సర్ ఇది. 1970ల మొదట్లో పాకిన కేసుల్లో పదిమందిలో ఒకరు బతికితే గొప్ప. 1974లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్ అనే ప్లాటినం మందును మరో రెండు మందులతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టాక కథ తిరగబడింది. ఈరోజు పాకిన జబ్బుకి మొదట ఇచ్చే కీమోలన్నీ ఆ సిస్‌ప్లాటిన్ చుట్టూ అల్లినవే.

యువరాజ్ సింగ్‌ది కూడా ఈ కుటుంబానికి చెందిన జబ్బే. వృషణంలో కాకుండా రెండు ఊపిరితిత్తుల నడుమ పుట్టిన సెమినోమా (ఈ జబ్బులోని రెండు ముఖ్య రకాల్లో ఒకటి, రెండోది నాన్-సెమినోమా). 2012 మొదట్లో ఇండియానాపొలిస్‌లో అదే ఐన్‌హార్న్ దగ్గర మూడు సైకిళ్ల కీమో తీసుకున్నాడు. సెప్టెంబర్‌లో న్యూజిలాండ్‌పై విశాఖలో మళ్లీ ఆడాల్సింది, ఆ మ్యాచ్ వానకు కొట్టుకుపోయింది. మూడు రోజుల తర్వాత చెన్నైలో బ్యాట్ పట్టాడు.

మన కేసు ఎక్కడుంది?

మొదట రకం తెలియాలి. సెమినోమానా, నాన్-సెమినోమానా? బయాప్సీ రిపోర్టులో శుద్ధ సెమినోమా అని ఉండి, రక్తంలో ఏఎఫ్‌పీ (గడ్డ ఆనవాలు పట్టించే ప్రొటీన్; ఇలాంటివాటిని మార్కర్లు అంటారు, హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ కూడా అవే) ఎక్కువగా ఉంటే, దాన్ని నాన్-సెమినోమాగానే చూస్తారు. సెమినోమా ఏఎఫ్‌పీని తయారుచేయదు.

తర్వాత రిస్క్ గ్రూపు. 1997లో దేశదేశాల డాక్టర్లు కలిసి ఒక వర్గీకరణ తయారుచేశారు, 2021లో కొత్త రోగుల లెక్కలతో దాన్ని సరిచూశారు. ఐదేళ్లకు నూటికి ఎంతమంది బతికి ఉన్నారన్నది ఇలా ఉంది:

| గ్రూపు | ఎవరు | 1997 లెక్క | 2021 లెక్క |
|---|---|---|---|
| నాన్-సెమినోమా, మంచి | వృషణంలో లేదా పొట్ట వెనక పుట్టింది. గ్రంథులు, ఊపిరితిత్తులు దాటలేదు. ఏఎఫ్‌పీ 1000 లోపు, హెచ్‌సీజీ 5000 లోపు, ఎల్‌డీహెచ్ గరిష్ఠ పరిమితికి ఒకటిన్నర రెట్ల లోపు | 92 | 96 |
| నాన్-సెమినోమా, మధ్యస్థం | చోట్లు పైవే. ఏఎఫ్‌పీ 1000–10,000 లేదా హెచ్‌సీజీ 5000–50,000 లేదా ఎల్‌డీహెచ్ ఒకటిన్నర నుంచి 10 రెట్లు | 80 | 89 |
| నాన్-సెమినోమా, కష్టం | ఛాతీ నడుమ పుట్టింది, లేదా కాలేయం, మెదడు, ఎముకల వంటి చోట్లకు పాకింది, లేదా మార్కర్లు పై హద్దులు దాటాయి | 48 | 67 |
| సెమినోమా, మంచి | ఎక్కడ పుట్టినా సరే, గ్రంథులు, ఊపిరితిత్తులు దాటలేదు | 86 | 95 |
| సెమినోమా, మధ్యస్థం | ఇతర అవయవాలకు పాకింది | 72 | 88 |

సెమినోమాకి 'కష్టం' గడి లేదు. యువరాజ్‌లా ఛాతీ నడుమ సెమినోమా పుడితే మంచి గ్రూపులోనే ఉండొచ్చు. అదే చోట నాన్-సెమినోమా పుడితే నేరుగా కష్టం గ్రూపు. ఒకే చోట పుట్టిన రెండు గడ్డలకు ఇంత తేడా ఉంటుందంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

ఈ మార్కర్లు ఏ రోజువి అన్నది కూడా ముఖ్యమే. వృషణం తీయక ముందటి రిపోర్టు ఇక్కడ పనికిరాదు, కీమో మొదలుపెట్టే ముందు చేయించినదే లెక్క. మా ఫైల్‌లో పాత రిపోర్టే పైన ఉండేది, దాని ప్రకారం మావాడు మధ్యస్థంలో పడేవాడు. కొత్తది చేయిస్తే మంచి గ్రూపు అని తేలింది. ఒక సైకిల్ బీఈపీ అదనంగా ఎక్కేది.

మంచి గ్రూపు: మూడు బీఈపీ, నాలుగు ఈపీ

మందులు ఇవి: బీ అంటే బ్లియోమైసిన్, ఈ అంటే ఎటోపొసైడ్, పీ అంటే సిస్‌ప్లాటిన్. సైకిల్ 21 రోజులు. మొదటి ఐదు రోజులు రోజూ సిస్‌ప్లాటిన్, ఎటోపొసైడ్. బ్లియోమైసిన్ వారానికోసారి. ఈపీలో బ్లియో ఉండదు, దానికి బదులు ఒక సైకిల్ ఎక్కువ.

| | మూడు బీఈపీ | నాలుగు ఈపీ |
|---|---|---|
| మొత్తం వారాలు | 9 | 12 |
| ఆసుపత్రికి వెళ్లే కీమో రోజులు | సుమారు 21 | 20 |
| సిస్‌ప్లాటిన్ మొత్తం, చదరపు మీటరుకు | 300 మి.గ్రా. | 400 మి.గ్రా. |
| ఎటోపొసైడ్ మొత్తం, చదరపు మీటరుకు | 1500 మి.గ్రా. | 2000 మి.గ్రా. |
| బ్లియోమైసిన్ | 270 యూనిట్లు | లేదు |
| ఎక్కువగా భయపడాల్సింది | ఊపిరితిత్తులు | చెవులు, నరాలు |

ఫ్రాన్స్‌లో ఈ రెంటినీ నేరుగా పోల్చి 2007లో ఫలితాలు ప్రచురించారు. నాలుగేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా, ఇంకే ఇబ్బందీ లేకుండా ఉన్నవాళ్లు బీఈపీలో నూటికి 91 మంది, ఈపీలో 86 మంది. మరణాలు 5, 12. సంఖ్యాశాస్త్రం ప్రకారం ఈ తేడా కాకతాళీయం కావచ్చు, కాబట్టి రెండూ సమానమనే అంటారు. యూరప్ డాక్టర్లు మాత్రం ఆ చిన్న తేడాను తీసిపారేయరు, వాళ్లకు మొదటి ఎంపిక మూడు బీఈపీ. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వాళ్లు ఎప్పటి నుంచో నాలుగు ఈపీ వైపు. నా మొగ్గు బీఈపీ వైపే, కానీ కింద చెప్పే మనుషుల విషయంలో కాదు.

40 దాటినవాళ్లు, సిగరెట్టో బీడీయో ఏళ్లుగా తాగేవాళ్లు, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లు, గ్రానైట్ క్వారీలోనో సిమెంటు పనిలోనో దుమ్ము పీల్చినవాళ్లు బ్లియోకి దూరంగా ఉండటమే మేలు. అది ఊపిరితిత్తులను గట్టిపరచవచ్చు, అరుదుగా ప్రాణం మీదికి తెస్తుంది. కిడ్నీ దెబ్బతింటే మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది, ప్రమాదం అక్కడ పెరుగుతుంది. పరుగు, ఈత పోటీల్లో ఉన్నవాళ్లూ ఆలోచించుకోవాలి.

ఇక ఇంకోవైపు. సిస్‌ప్లాటిన్ ఎంత ఎక్కువైతే చెవిలో హోరు, సన్నని శబ్దాలు వినపడకపోవడం, వేళ్ల చివర తిమ్మిరి అంత పెరుగుతాయి. సిరిసిల్లలో మగ్గం మీద దారం ముడేసేవాడికి వేలి కొస మొద్దుబారితే అది చిన్న ఇబ్బంది అనలేం. వయొలిన్ వాయించేవాళ్లకు, రోజంతా హెడ్‌సెట్ పెట్టుకుని ఫోన్లో మాట్లాడేవాళ్లకు ఆ అదనపు 100 మిల్లీగ్రాములు తప్పించడం విలువైన పనే. మావాడిది ఆ హెడ్‌సెట్ ఉద్యోగమే, సిగరెట్ అలవాటు లేదు, కిడ్నీ బాగుంది. మూడు బీఈపీ తీసుకున్నాడు. ఎనిమిదో బ్లియో తర్వాత పొడి దగ్గు మొదలైంది. డాక్టరు గారు తొమ్మిదోది ఇవ్వకుండా ఆపేశారు. పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం వస్తే సూది వేయించుకునే ముందే చెప్పాలి. "చిన్న దగ్గే కదా" అని దాచుకోవద్దు.

రెండిట్లో ఏది తీసుకున్నా తప్పకూడనివి కొన్ని ఉన్నాయి. సిస్‌ప్లాటిన్ తీసి కార్బోప్లాటిన్ పెడదాం, వాంతులు తక్కువ అని ఎవరైనా అంటే కారణం అడగండి. పాకిన జబ్బులో అలా మార్చి చూసిన ట్రయల్స్‌లో నయమయ్యేవాళ్లు తగ్గారు. తెల్లకణాలు పడిపోయాయన్న ఒక్క కారణంతో డోసు కోయడం, వారం వారం వాయిదా వేయడం కూడా మంచి అలవాటు కాదు, కణాలు పెంచే సూదులు ఉన్నాయి. జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు పరుగెత్తకండి. జెంటామైసిన్ లాంటి సూదులు, కొన్ని నొప్పి బిళ్లలు సిస్‌ప్లాటిన్‌తో కలిస్తే కిడ్నీకి దెబ్బ మీద దెబ్బ, జెంటామైసిన్‌తో చెవికీ ముప్పే. కీమో చేసే ఆసుపత్రి నంబరు ఫోన్లో పైనే పెట్టుకోండి.

మధ్యస్థం, కష్టం గ్రూపులు: నాలుగు బీఈపీ లేక నాలుగు వీఐపీ

ఇక్కడ మూడు సైకిళ్ల మాట లేదు, నాలుగు. వీఐపీలో బ్లియో బదులు ఐఫాస్ఫమైడ్ ఉంటుంది. రెండిటినీ పోల్చిన ట్రయల్‌లో బతికినవాళ్ల శాతం దాదాపు సమానంగా వచ్చింది, రక్తకణాలు పడిపోవడం మాత్రం వీఐపీలో ఎక్కువ. మూత్రంలో రక్తం పడకుండా మెస్నా అనే తోడు మందు ఇవ్వాలి, సెలైన్‌తో ఐదు రోజులు అడ్మిట్ కావాల్సి రావచ్చు. అందుకే మామూలుగా బీఈపీకే ఓటు.

వీఐపీ ఎవరికి? ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతిన్నవాళ్లకు, ఛాతీ నడుమ గడ్డ ఉండి కీమో తర్వాత ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయాల్సినవాళ్లకు. సైక్లిస్ట్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1996లో ఇదే ఎంచుకున్నాడు. పొట్ట, ఊపిరితిత్తులు, మెదడు దాకా పాకిన జబ్బు అతనిది. మొదట బ్లియోతో మొదలుపెట్టి, సైకిల్ తొక్కే ఊపిరితిత్తులు పోకూడదని ఇండియానాలో వీఐపీకి మారాడు. ఆ తర్వాత డోపింగ్‌తో టైటిళ్లన్నీ పోయాయి, అది వేరే గొడవ. కీమో ఎంపిక మాత్రం అతని పనికి తగ్గదే.

కష్టం గ్రూపులో మందు పేరు కన్నా ఎక్కువ పట్టించుకోవాల్సిన విషయం, మొదటి సైకిల్ అయ్యాక మార్కర్లు ఎంత వేగంగా దిగుతున్నాయన్నది. ఏఎఫ్‌పీ సగం కావడానికి మామూలుగా 5 నుంచి 7 రోజులు, హెచ్‌సీజీకి ఒకటి నుంచి మూడు రోజులు. మూడో వారంలో చేయించిన టెస్టులో ఆ వేగం లేకపోతే కీమోను మరింత గట్టిగా మార్చే పద్ధతి ఒకటి ఫ్రాన్స్ ట్రయల్‌లో 2014లో బయటపడింది. మూడేళ్లకు జబ్బు పెరగకుండా ఉన్నవాళ్లు నూటికి 48 నుంచి 59కి చేరారు, నరాల తిమ్మిరి మాత్రం పెరిగింది. అన్ని ఆసుపత్రులూ ఇది చేయవు. ఈ గ్రూపులో ఉన్నవాళ్లు ఇంటికి దగ్గరని చిన్న చోట మొదలుపెట్టొద్దు. ఏడాదికి ఇలాంటి కేసులు ఎన్ని చూస్తారని మొహమాటం లేకుండా అడగండి. మరీ ఆయాసంతో, ఒళ్లంతా పాకి వచ్చినవాళ్లకు వృషణం తీయకముందే కీమో మొదలుపెట్టడం కూడా ఉంది. మార్కర్లు చూసి అలా చేస్తే అది తొందరపాటు కాదు.

పొట్ట వెనక చిన్న గ్రంథులున్న సెమినోమా: మూడు దారులు

గ్రంథి 2 సెంటీమీటర్ల లోపుంటే రేడియేషన్, కీమో, ఆపరేషన్ మూడూ బల్ల మీద ఉంటాయి.

రేడియేషన్ తేలిక, సుమారు 30 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత), కొన్ని వారాలు. కానీ పాతికేళ్లవాడికి పొట్ట మీద రేడియేషన్ అంటే నలభైలలో, యాభైలలో ఇంకో క్యాన్సర్ ముప్పు కొంత మోసుకెళ్లడమే. 50 దాటినవాళ్లకు ఆ లెక్క వేరు. కీమో బాగా పనిచేస్తుంది, పైన చెప్పిన చెవులు, ఊపిరితిత్తుల బేరం మాత్రం ఉంటుంది. ఆపరేషన్‌లో పొట్ట వెనక గ్రంథులు తీసేస్తారు, దాన్ని ఆర్‌పీఎల్‌ఎన్‌డీ అంటారు. అమెరికాలో సెమ్స్ అనే ట్రయల్‌లో 55 మందికి ఇది మాత్రమే చేస్తే, రెండేళ్లకు నూటికి 81 మందికి జబ్బు తిరిగి రాలేదు. తిరగబెట్టినవాళ్లకు కీమో ఎలాగూ మిగిలే ఉంది. దీర్ఘకాల విషం వద్దనుకునే కుర్రాళ్లకు ఇది ఆకర్షణీయమే, సర్జన్‌కి చేయి తిరిగి ఉంటేనే. నరాలు కాపాడకపోతే వీర్యం బయటకు రాకుండా మూత్రాశయంలోకి వెనక్కి వెళ్తుంది. గ్రంథి 2 నుంచి 5 సెంటీమీటర్లుంటే కీమోనే ముందు.

కీమో అయ్యాక గడ్డ మిగిలితే

చాలామంది ఇక్కడే తడబడతారు. మార్కర్లు నార్మల్, డాక్టరు గారు ఇంకా ఆపరేషన్ అంటున్నారు, "అయిపోయింది కదా, మళ్లీ కోతెందుకు?"

నాన్-సెమినోమాలో 1 సెంటీమీటర్ దాటి మిగిలిన గడ్డను తీసేయాలి. తీసి చూస్తే దాదాపు సగం కేసుల్లో చచ్చిన కణజాలమే ఉంటుంది. మిగతావాటిలో ఎక్కువ టెరటోమా (రకరకాల కణజాలం కలగలిసిన గడ్డ), నూటికి పది, పదిహేనుమందిలో ఇంకా బతికున్న క్యాన్సర్. టెరటోమాకి కీమో ఎక్కదు, మార్కర్లలో కనపడదు, పెట్ స్కాన్‌లో (చురుగ్గా ఉన్న కణాలు వెలిగి కనపడే స్కాన్) సరిగా వెలగదు. అలా వదిలేస్తే ఏళ్ల తర్వాత పెరిగి పేగును, రక్తనాళాలను నొక్కుతుంది, కొన్నిసార్లు వేరే క్యాన్సర్‌గా మారుతుంది. కీమో నడుస్తుండగానే మార్కర్లు దిగుతూ గడ్డ మాత్రం పెరుగుతుంటే, కీమో ఫెయిలైందని మార్చేయకండి, పెరిగే టెరటోమా కావచ్చు, దానికి కత్తే మందు. 1 సెంటీమీటర్ లోపైతే ఇండియానా వాళ్లు గమనిస్తూ ఊరుకుంటారు, స్లోన్ కెటరింగ్ వాళ్లు తీసేయడం వైపు మొగ్గుతారు.

సెమినోమాలో పద్ధతి వేరు. 3 సెంటీమీటర్ల లోపు గడ్డను చూస్తూ ఉంటారు. దాటితే కీమో ముగిసి కనీసం ఆరు వారాలయ్యాక పెట్ స్కాన్. తొందరపడి ముందే తీయిస్తే మానుతున్న పుండు కూడా వెలిగిపోతుంది. ఒకసారి వెలిగిందని వెంటనే కీమోకి ఒప్పుకోకండి, కొన్ని వారాలాగి మళ్లీ తీయించమని అడగొచ్చు.

బ్లియో తీసుకున్నవాళ్లు ఏ ఆపరేషన్‌కి వెళ్లినా, పదేళ్ల తర్వాత హెర్నియాకి వెళ్లినా సరే, మత్తు డాక్టరుకి ఆ సంగతి ముందే చెప్పాలి. ఆక్సిజన్ ఎక్కువిస్తే ఆ ఊపిరితిత్తులు ఇబ్బంది పడొచ్చు.

తిరగబెడితే

రెండు దారులు. ఒకటి, టీఐపీ అనే మామూలు డోసు కీమో నాలుగు సైకిళ్లు. రెండోది, మన సొంత మూలకణాలు ముందే తీసి దాచి, భారీ డోసు కీమో ఇచ్చి, వాటిని తిరిగి ఎక్కించడం. దాతను వెతకాల్సిన పని లేదు. స్లోన్ కెటరింగ్‌లో ఎంపికచేసిన 46 మందికి టీఐపీ ఇస్తే 63 శాతం మంది నిలకడగా బాగున్నారు. ఇండియానాలో భారీ డోసు తీసుకున్న 184 మందిలో 116 మంది జబ్బు లేకుండా మిగిలారని 2007లో రాశారు, అంటే అదీ 63 శాతమే. కానీ ఈ రెండు 63లను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. మొదటివాళ్లు తేలిక కేసులు, రెండోవాళ్లలో రెండుసార్లు, మూడుసార్లు తిరగబెట్టినవాళ్లూ ఉన్నారు. ముఖాముఖి పోల్చడానికే టైగర్ అనే అంతర్జాతీయ ట్రయల్ పెట్టారు.

నన్నడిగితే, వృషణంలో పుట్టి, మొదటి కీమోకి పూర్తిగా లొంగి, చాలా నెలల తర్వాత తిరగబెట్టినవాళ్లు టీఐపీతో మొదలుపెట్టొచ్చు. కీమో నడుస్తుండగానే పెరిగినవాళ్లు, వెంటనే తిరగబెట్టినవాళ్లు భారీ డోసు చేసే చోటికి ఆలస్యం చేయకుండా వెళ్లి మాట్లాడాలి. రెండేళ్లు దాటాక తిరగబెట్టిన జబ్బుకి కీమో సరిగా పట్టదు, తీయగలిగితే ఆపరేషనే ముందు.

మొదలుపెట్టే ముందు వారం

వీర్యం దాచుకోవడం మొదటి సైకిల్‌కి ముందే జరగాలి. పెళ్లి కాని కుర్రాడితో ఈ మాట ఎత్తడానికి ఇంట్లో అందరికీ సిగ్గు. మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, చివరికి నర్సు ఎత్తింది. కణాల సంఖ్య తక్కువని రిపోర్టు వచ్చినా ఒకటి రెండు శాంపిళ్లు దాస్తే చాలు, ఒక్కో వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతికి కొన్ని కణాలు చాలు. ఇది రెండు మూడు రోజుల పని, దీనికోసం కీమో వారాల తరబడి ఆపకూడదు. ఆ ఖర్చు చేతిలోంచే అనుకుని బయల్దేరండి.

మందులు పాతవే, జెనరిక్‌లు దొరుకుతాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ కీమో ఉంది. మీ ప్రోటోకాల్‌కి, ఆ ఆసుపత్రిలో వర్తిస్తుందో లేదో ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు: మంచి గ్రూపు వాళ్లకు హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటివి ఉన్నాయి. కష్టం గ్రూపు వాళ్లు, కీమో తర్వాత పెద్ద ఆపరేషన్ అవసరమైనవాళ్లు ముంబై టాటా మెమోరియల్‌లో ఒక్కసారైనా రెండో అభిప్రాయం తీసుకోవడం దండగ కాదు.

మావాడి గడ్డను మొదట ఒక ఊళ్లో వరిబీజం అని నాలుగు నెలలు బిళ్లలిచ్చారు. ఆ నాలుగు నెలలు ఎలాగూ పోయాయి కాబట్టి రెండో అభిప్రాయానికి వారం కన్నా ఎక్కువ ఇవ్వలేదు. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. వృషణం ఆపరేషన్ తాలూకు స్లైడ్లు, బ్లాకులు (మైనంలో దాచిన గడ్డ ముక్కలు), తేదీలతో సహా మార్కర్ రిపోర్టులన్నీ, స్కాన్ సీడీ పట్టుకెళ్లండి. బ్లాకులు ఇచ్చేటప్పుడు ల్యాబ్ వాళ్లు సంతకం పెట్టించుకుని రసీదు ఇస్తారు, తిరిగి అప్పగించేదాకా దాన్ని ఫైల్‌లోనే ఉంచండి.